ఈశాన్యంలో గీజరు

రాయదుర్గం,
20 నవంబర్ 2025.

తమ్ముడూ కేశవులూ,

నువ్వు ఫోను ఎత్తడం లేదు. గంగమ్మకు చేస్తే "ఆయన బజారుకు పోయినాడు వదినా" అంటుంది. పదిహేడు రోజులుగా ఒక మనిషి బజారులోనే తిరుగుతున్నాడంటే నమ్మేంత అమాయకురాలినా నేను? నీ పెళ్లాం నీకంటే నయం, అబద్ధం చెప్పేటప్పుడు కాస్త నవ్వుతుంది. అందుకే ఈ ఉత్తరం. ఫోనైతే కట్ చేస్తావు, ఉత్తరాన్ని చించాలన్నా ముందు విప్పి చూడాలి కదా.

నీ కోపం ఎందుకో నాకు తెలుసు. మియాపూర్ కిరాయింట్లో నువ్వు బిగించిన పాత గీజరు పదహారేళ్లు మాతో కాపురం చేసింది. ఈ ఫ్లాటుకు కూడా మాతోపాటే వచ్చింది. ఈ నెల మూడో తేదీ నువ్వు సంచి తగిలించుకుని వచ్చి దాన్ని బాగుచేసి పోయావు. గురువారానికల్లా గిరీష్ దాన్ని పీకించి పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. నీకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది, ఒప్పుకుంటాను. ఆ రోజు సగం గ్లాసు మంచినీళ్లు తాగి, చెప్పకుండా వెళ్లిపోయావంటే నీకు ముందే వాసన తగిలిందనుకుంటాను.

సరే, కొత్తదాని సంగతి విను, కాస్త చల్లబడతావు. దానికి తిప్పే బిళ్ల లేదు, నొక్కే బొత్తాం లేదు. నల్లటి అద్దం ఒకటుంది, అందులో నా మొహం కనబడుతుంది. మిగతాదంతా గిరీష్ ఫోనులో ఉంటుంది. వాడు ఆఫీసులో కూర్చుని మన బాత్రూములో నీళ్లు కాచగలడట. కాచగలడు, నిజమే. కాచాలని వాడికి గుర్తుండాలి కదా! పొద్దున ఆరూ పదికి దానంతటది వెలిగి ఆరూ నలభైకి ఆరిపోతుంది. నా స్నానం తొమ్మిదింటికని నీకు తెలుసు. వేణ్ణీళ్లు పడకపోతే నా మోకాళ్లు రోజంతా నా మాట వినవు.

నిన్న ఫోను చేస్తే "అమ్మా, స్టాండప్‌లో ఉన్నా" అన్నాడు. స్టాండప్ అంటే అందరూ నిలబడి చేసే మీటింగట. నేనూ ఇక్కడ నిలబడే ఉన్నాను, భుజం మీద తువ్వాలుతో. భార్గవి ఫోనులోనూ ఆ గీజరు ఉంది. కానీ ఆ పిల్ల పక్క గదిలో చెవులకు డిప్పలు పెట్టుకుని బెంగళూరుతో మాట్లాడుతుంటుంది. నేను గుమ్మంలోకి పోయి చెయ్యి ఊపితే కోడలు చూస్తుందో లేదో గానీ, బెంగళూరంతా నన్ను చూస్తుంది. ఇంటి పెద్దదానికి చెంబెడు వేణ్ణీళ్లు దొరకాలంటే రెండు కంపెనీలు సెలవివ్వాలి, ఇదీ మా వైభవం.

కోపం దించుకుని ఒకసారి రా. దాన్ని చూసి నువ్వు తిట్టే తిట్లు వినాలని ఉంది.

మీ అక్క,
అనసూయమ్మ


మియాపూర్,
26 నవంబర్.

అక్కా,

నీ ఉత్తరం చేరడానికి నాలుగు రోజులు పట్టింది. అదే మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే గంటంబావు. మన తపాలా వాళ్లు దాన్ని నడిపించి తెచ్చినట్టున్నారు.

నాకు గీజరు మీద కోపమేంటి? డిపోలో ముప్పై మూడేళ్లు పనిచేసినవాణ్ని. నా చేతులతో ప్రాణం పోసిన బస్సుల్నే తుక్కు కింద తోసిన రోజులున్నాయి. ఇనపడబ్బా కోసం అలుగుతానా? మీరు పీకేసిన సంగతి నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు కూడా.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. మూడో తేదీ మీ గేటు దగ్గర నా పేరు చెప్పాను. సెక్యూరిటీ మనిషి ఫోనులో చూసి, "అంకుల్, మీరు సర్వీసు. ప్లంబర్. ఇటు రండి" అన్నాడు. "కాదయ్యా, నేను ఆ ఇంటాయన మేనమామని" అన్నాను. "గిట్లనే అంటరు అందరూ. జర కార్డేసుకోండి అంకుల్" అన్నాడు. నా ఫొటో తీసుకున్నాడు. మెడలో ఒక ఎర్ర పలక వేశాడు. లోపల తెల్లటి రాళ్లు పరిచిన హాల్లో రెండు లిఫ్టులు ఖాళీగా ఉన్నాయి, వాటి వైపు అడుగేస్తే మళ్లీ ఆపాడు. వెనక నుంచి తిప్పి సర్వీసు లిఫ్టు ఎక్కించాడు. అందులో రెండు చెత్త డబ్బాలు, ఎవరిదో కుక్క, దాన్ని పట్టుకున్న మనిషి, నేను. పన్నెండో అంతస్తు దాకా ఆ కుక్క నన్నే చూసింది. తిరిగి పోయేటప్పుడు నా సంచి విప్పించి, మీ ఇంట్లో కుళాయిలేమైనా పట్టుకుపోతున్నానేమోనని వెతికారు.

ఆ పలక జేబులో దాచుకునే నీ దగ్గర కూర్చున్నాను. సగం గ్లాసు నీళ్లు దిగడమే ఎక్కువ.

ఫోనులో నన్ను ప్లంబరని రాసిందెవరో నేను అడగను. గిరీష్ అలాంటివాడు కాదు, నా భుజాల మీద పెరిగినవాడు. వాడు కాకపోతే ఇంక ఎవరో నువ్వే ఆలోచించుకో. పెద్ద చదువు చదివి, పెద్ద జీతం తెచ్చే వాళ్లకు డిపో మెకానిక్కును మామయ్యా అని పిలవాలంటే నామోషీగా ఉంటుంది కాబోలు.

ఆ గేటు ఇంక తొక్కను, ఇది ఖాయం. ఫోను ఎందుకు ఎత్తనంటావా, నీ గొంతు వింటే మెత్తబడి మళ్లీ వచ్చేస్తాను. ఉత్తరాలైతే రాస్తాను.

మోకాళ్లకు ఇసుక మూట వేడిచేసి కాపడం పెట్టుకో. దానికి ఏ కంపెనీ సెలవూ అక్కర్లేదు.

నీ తమ్ముడు,
చెన్నకేశవులు


రాయదుర్గం,
2 డిసెంబర్.

కేశవులూ,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం సయించలేదు. అలా జరిగి ఉండకూడదు. ఏదో పొరపాటున నొక్కి ఉంటారు, కావాలని ఎవరు చేస్తారు? ఆ ఫోనులో అన్నీ బొమ్మలే, దేని పక్కన ఏముందో తెలిసి చావదు. భార్గవిని అడుగుదామంటే నాకు నోరు రావడం లేదు. ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యి, నా మాట విను.

ఇక్కడ వేరే గొడవ నడుస్తోంది. గిరీష్ టీములో పదకొండుమందిని ఒక్క శుక్రవారం ఇంటికి పంపేశారు. వాడికి నిద్ర లేదు. మీ ఇంటి ముందు టీకొట్టు కూలితే ఆ కొట్టువాడు ఇంకో వీధిలో పెట్టుకుంటాడు, ఈ కంపెనీల వాళ్లకు అలా కాదట. ఎవరో స్నేహితుడు చెబితే వాస్తు సలహాదారును పిలిచాడు. పేరు భీమేశ్వరరావు గారు, రాజమండ్రి వైపు. పంచె కట్టుకుని తాంబూలం నములుతూ వస్తాడనుకున్నాను. టై కట్టుకుని ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. గోడల మీదకి ఎర్ర లైటు కొట్టి కొలతలు తీశాడు. బాత్రూములోకి తొంగిచూసి గుండె పట్టుకున్నాడు.

"ఈశాన్యం జలస్థానమండి. మీరు తీసుకెళ్లి అక్కడ అగ్నిని కూర్చోబెట్టారు. ఇంటి యజమాని ఉద్యోగం ఉడికిపోక ఏమవుతుందండీ?"

అదండీ సంగతి. పాత గీజరు కూడా ఆ మూలనే తొమ్మిదేళ్లు ఉంది, అప్పుడు వాడికి మూడు ప్రమోషన్లు వచ్చాయి కదా అన్నాను. "ఆ గీజరుకు ఇంటర్నెట్ లేదు కదండీ" అన్నాడు. గిరీష్ తల ఊపాడు. నా కొడుకు ఇంజినీరింగులో గోల్డ్ మెడల్ తెచ్చుకున్నాడని నీకు గుర్తుందా? నాకు ఆ మెడల్ ఎక్కడ పెట్టామో గుర్తు రావడం లేదు.

మూఢంలో పనులేంటి అంటే, గీజర్లకు మూఢం వర్తించదన్నాడు. శుక్రవారం ఆయన తాలూకు వడ్రంగి ఒకడు వచ్చి, గీజరును బాత్రూములోంచి ఊడదీసి ఆగ్నేయం బాల్కనీలో, బట్టల మిషన్ పక్కన బిగించాడు. నీళ్ల గొట్టం సీలింగు లోపలి నుంచి బాత్రూముకు వస్తుంది. కుళాయి తిప్పాక వేడినీళ్లు వచ్చేలోపు నేను ఒక స్తోత్రం పూర్తి చేస్తాను. నవ్వకు. సోమవారం వాడికి మెయిలు వచ్చింది, ఉద్యోగం ఉందని. ఇప్పుడు ఈ ఇంట్లో నేను గీజరును ఒక్క మాట అనడానికి లేదు.

రావా? నీకు ఇష్టమైన బొరుగుల ఉగ్గాని చేసి పెడతాను.

అక్క


మియాపూర్,
8 డిసెంబర్.

అక్కా,

నవ్వొద్దన్నావు కాబట్టి గంగమ్మకు చదివి వినిపించి ఆమెను నవ్వించాను. ఒక్కరోజు మా పాత షెడ్డుకు రమ్మను మీ భీమేశ్వరరావు గారిని. మా షెడ్డులో ఈశాన్యంలో వెల్డింగు, ఆగ్నేయంలో నీళ్ల తొట్టి. ముప్పై మూడేళ్లలో ఒక్కడి ఉద్యోగం పోలేదు, పని చేయనివాడిది కూడా.

నాకు ఒకటి చెప్పు. గీజరుకు లావు తీగ కావాలి, బాత్రూములో దానికని వేరే లైను ఉంటుంది. బాల్కనీలోకి కరెంటు ఎలా తెచ్చారు? ఆ వడ్రంగి కరెంటు పని ఎప్పుడు నేర్చుకున్నాడు? గిరీష్‌ను అడిగి రాయి. వాడికి తెలియకపోతే తెలియదనే రాయి, నేను ఆశ్చర్యపోను.

ఇంక రెండో సంగతి. పొరపాటున నొక్కి ఉంటారని తేల్చేశావు. నీ కోడలిని వెనకేసుకు రావడం నీ ధర్మం, కానివ్వు. నిన్న మన చిన్నాన్న మనవడు దినేశ్ కొడుకు పుట్టినరోజు భోజనాలకు పోయాను. అందరూ "అక్క వాళ్లింటికి పోవడం మానేశావంట ఏంది?" అని అడిగారు. ఎంతకాలం దాచను? చెప్పేశాను. భార్గవి నన్ను ప్లంబరని రాసి చెత్త లిఫ్టులో పంపిందని, నలభైమంది వింటుండగా చెప్పాను. కుక్క సంగతి కూడా చెప్పాను. అందరూ బాగా నవ్వారు. రెండోసారి చెప్పమన్నారు, రెండోసారి చెప్పాను.

మనసులో బరువు దిగింది. నువ్వు తిడతావని తెలుసు, తిట్టు.

నీ తమ్ముడు


రాయదుర్గం,
13 డిసెంబర్.

కేశవులూ,

నీ బరువు దిగి సరాసరి మా ఇంట్లో పడింది.

నీ ఉత్తరం కంటే ముందే నీ కథ వచ్చింది. ఆ భోజనాల్లో భార్గవి వాళ్ల పిన్ని ఉందని నీకు తెలియదా, లేక తెలిసే చెప్పావా? సోమవారం పొద్దున్నే కూకట్‌పల్లి నుంచి వాళ్లమ్మ ఫోను. "మేనమామను చెత్త లిఫ్టు ఎక్కించినావంట, మేం నిన్నట్ల పెంచినామా?" అని ఆమె అరుస్తుంటే నాకు వంటింట్లోకి వినబడింది. భార్గవి అంతా విన్నది. ఫోను పెట్టేసి, మొహం కడుక్కుని, మీటింగులో కూర్చుంది. గిరీష్ సాయంత్రం "నువ్వేనా రాసింది?" అని అడిగాడు. "ఎవరైతే ఏంటి, అయిపోయింది కదా" అంది. రెండు రోజులు ఇద్దరూ వేరువేరుగా అన్నం తిన్నారు. నాకు మాత్రం టీ వేళకు టీ వచ్చింది.

నువ్వు చేసింది బాగా లేదురా. ఆడపిల్ల పేరు పట్టుకుని నలభైమందిని నవ్వించడమేంటి? నీ వయసుకు తగ్గ పనేనా అది?

ఇంకా రాయాలని ఉంది గానీ, చేయి తిరగడం లేదు. వేరే మాట చెప్పుకుందాం.

గీజరు ఆగ్నేయానికి పోయాక ఒక మంచి జరిగింది. బాత్రూములో కుళాయి పట్టుకుంటే చేయి చిమచిమలాడుతోంది. మొదట భయమేసింది. గిరీష్‌ను అడిగితే, ఈ గీజరు లోపల వెండి పూత ఉందని, అది నీళ్లను శుద్ధి చేస్తుందని పుస్తకంలో చూపించాడు. ఇది ఆ వెండి గుణమే అయి ఉండాలి. తడి చేత్తో పట్టుకుంటే మోచేతి దాకా పాకుతుంది. మోకాళ్లకు కూడా పనికొస్తుందేమోనని, నాలుగు రోజులుగా స్నానమయ్యాక కుళాయి మీద చేయి వేసి కాసేపు నిలబడుతున్నాను. ఫోనులో కూడా గీజరు పక్కన పచ్చటి టిక్కు ఉంది, దాని ఆరోగ్యం బాగుందని.

నువ్వు అడిగిన తీగ సంగతి. గిరీష్‌కు తెలియదు, నువ్వన్నట్టే. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. బాల్కనీలో ఉన్నది చిన్న సాకెట్టు, గీజరు ప్లగ్గు అందులో పట్టలేదు. ఆ వడ్రంగి ప్లగ్గు కోసేసి రెండు తీగలు నేరుగా లోపల కలిపాడు. పచ్చ తీగ ఒకటి మిగిలిపోతే టేపు చుట్టి వెనక్కి తోసేశాడు. ఆ తర్వాత హాల్లో పెట్టెలో ఒక స్విచ్చి మాటిమాటికీ పడిపోతూ ఉండేది. "ఇది బాగా సెన్సిటివమ్మా" అని దాన్ని కూడా తప్పించాడు. ఇప్పుడు ఏ గొడవా లేదు.

భార్గవికి ఒక ఉత్తరం రాయి. నా కోసం.

అక్క


రాయదుర్గం,
18 డిసెంబర్.

నాన్నా కేశవులూ,

మొన్న మంగళవారం పొద్దున నా ఉత్తరం విప్పగానే నువ్వు ఎనిమిదిసార్లు ఫోను చేశావని తర్వాత చూసుకున్నాను. గిరీష్ కూడా ఎత్తలేదట. నలభై రోజులుగా ఆ ఫోనుకు గేటు వాళ్లు తప్ప ఎవరూ చేయడం లేదని దుప్పటి కింద పడేశాను. తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూము వైపు పోతుంటే నువ్వు తలుపు తోసుకుని వచ్చావు. చెప్పులు కూడా విప్పలేదు. "ముట్టుకోవద్దు! ముట్టుకోవద్దు!" అని అరుస్తూ నన్ను పక్కకు నెట్టి మెయిన్ ఆపేశావు. నాకు పిచ్చెక్కిందా నీకు పిచ్చెక్కిందా తెలియలేదు.

నువ్వు బాల్కనీలో కూలబడ్డావు. మంచినీళ్లిచ్చాను, తాగలేదు. మీ వీధి ఎలక్ట్రీషియన్ రవీందర్ ఇరవై నిమిషాల తర్వాత వచ్చాడు. మెయిన్ వేసి ఆ కుళాయికి టెస్టరు పెడితే దాని తలలో లైటు వెలిగింది. నేను మొక్కుతూ పట్టుకున్న కుళాయి అది. అతను నా మొహం చూసి, "అమ్మా, ఎర్తు తీసేసిండ్రు, షాకు కొడితే పడిపోయే స్విచ్చి కూడా తీసేసిండ్రు. ఇగ ఫొటోకు దండేసుడొక్కటే తక్కువ" అన్నాడు. నేను తువ్వాలుతో చేతులు మళ్లీ మళ్లీ తుడుచుకున్నాను. వెండి అనుకున్నాను కదరా, వెండి!

నువ్వు వెళ్లాక గిరీష్ పరుగున వచ్చాడు. ఫోను తీసి చూశాడు, ఆ పచ్చ టిక్కు అలాగే ఉంది. రవీందర్ గీజరును ఊడదీసి నేల మీద పడుకోబెట్టి పోయినా దాని ఆరోగ్యం బాగానే ఉందట. భీమేశ్వరరావు గారికి ఫోను చేసి అడిగాడు. "నేను దిక్కు చెప్పానండి, తీగ నేను చెప్పలేదు కదండీ" అన్నాడాయన. గిరీష్ ఆ రాత్రి నా కాళ్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను తల నిమిరాను గానీ, ఓదార్చలేదు. కొంచెం ఏడవనీ అనిపించింది. రవీందర్ మర్నాడు వచ్చి దాన్ని మళ్లీ ఈశాన్యంలోనే బిగించి, గోడకు మామూలు స్విచ్చి పెట్టాడు. నేను నొక్కితే వెలుగుతుంది.

ఇప్పుడు అసలు మాట. నువ్వు ఆ గేటు తొక్కనని ఒట్టు పెట్టుకుని, నా కోసం తొక్కావు. ఇంక దాస్తే నాకు పుట్టగతులుండవు.

నిన్ను ప్లంబరని రాసింది నేను.

అక్టోబరులో భార్గవి నా ఫోనులో, వచ్చేవాళ్ల పేర్లు రాసే ఆ గేటు యాప్ పెట్టి, ఎలా వాడాలో ఓపిగ్గా నేర్పింది. గెస్టు అని నొక్కితే ముందు గిరీష్‌కు పోతుంది, వాడు సరేనంటేనే లోపలికి పంపుతారు. అంతకు ముందుసారి వాడు మీటింగులో ఉంటే నువ్వు ఎండలో ఇరవై అయిదు నిమిషాలు నిలబడ్డావు, గుండెలో స్టెంటుతో. సర్వీసు అని నొక్కితే వెంటనే పంపేస్తారని నేను చూశాను. అందుకే అది నొక్కాను. ఏ పని అని అడిగితే బొమ్మల్లో స్పానరు కనబడింది. నీ చేతిలో ఎప్పుడూ ఉండేది అదే కదా అనుకున్నాను. నీ మెడలో పలక వేస్తారని, చెత్త లిఫ్టు ఎక్కిస్తారని నాకేం తెలుసు?

నీ మొదటి ఉత్తరం చూసిన రోజే చెప్పి ఉండాల్సింది. సిగ్గేసింది. నువ్వు భార్గవిని అంటుంటే, నన్ను అనడం లేదు కదా అని ఊరుకున్నాను. నీ అక్క అలాంటి మనిషి.

ఇంకొకటి విను. ఏ ఫోను నుంచి రాశారో భార్గవి ఫోనులో కనబడుతుందట, గేటు మనిషి చెప్పాడు. భార్గవికి మొదటి నుంచీ తెలుసు. వాళ్లమ్మ తిడుతున్నప్పుడూ తెలుసు, గిరీష్ అడిగినప్పుడూ తెలుసు. నన్ను బయటపెట్టలేదు.

నన్ను ఏమన్నా అను. ఫోను మాత్రం ఎత్తు.

అక్క


మియాపూర్,
23 డిసెంబర్.

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నిన్ను తిట్టాలనిపించింది. రెండోసారి చదివాక తిట్టే మొహం నాకు లేదనిపించింది. ఎందుకో రాస్తున్నాను, గంగమ్మకు కూడా చెప్పలేదు.

ఆ మంగళవారం మీ గేటు దగ్గరికి నేను, రవీందర్ కలిసే వచ్చాం. గార్డు పైకి ఫోను చేస్తే భార్గవి ఎత్తి, "మామయ్య, గెస్టు, వెంటనే పంపండి" అంది. ఆ మాట నాకు వినబడింది. గార్డు నాకు నమస్కారం పెట్టి పెద్ద లిఫ్టు తెరిచాడు. రవీందర్ నా వెనకే ఎక్కబోతే ఆపాడు. "నువ్ గటుకెళ్లి పో" అన్నాడు. రవీందర్ నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అనలేదక్కా. "నా మనిషి, నాతోనే వస్తాడు" అంటే సరిపోయేది.

ఆ లిఫ్టులో అద్దముంది. పాట కూడా వస్తుంది. పైన నువ్వు బతికి ఉన్నావో లేదో అన్న భయంతో ఒళ్లంతా చెమట పట్టి ఉంది. అయినా అద్దంలో నన్ను నేను చూసుకుని, జుట్టు సరిచేసుకున్నాను. ఇప్పుడు తెలిసిందిరా మీకు నేనెవరో అని లోపల సంతోషపడ్డాను. అటు సర్వీసు లిఫ్టులో ఎవరిదో సోఫా ఇరుక్కుని, టెస్టరు ఉన్న మనిషి ఇరవై నిమిషాలు కిందే నిలబడ్డాడు. మెయిన్ ఎక్కడుందో నాకు దొరక్కపోతే ఏమయ్యేది?

తర్వాత ఒకరోజు రవీందర్‌ను అడిగాను, రోజూ అలాంటి లిఫ్టుల్లో పోతుంటే నీకేమీ అనిపించదా అని. "ఏమనిపిస్తది సార్? అది కూడా పైకే పోతది కదా" అన్నాడు. నలభై రోజులు నేను అలిగి కూర్చుంది దాని గురించే.

దినేశ్ ఇంటికి పోయి, రాసింది భార్గవి కాదు అని చెప్పాను. "అట్లనా?" అని, మళ్లీ ఆ కుక్క సంగతే చెప్పమన్నాడు. ఇంకో నలుగురికి చెప్పాను. ఒక్కడూ చెవిన పెట్టలేదు, మొదటి కథే బాగుందట. భార్గవి వాళ్లమ్మ దగ్గరికి కూకట్‌పల్లి పోయాను. ఆమె కాఫీ ఇచ్చింది, విన్నది. "ఇప్పుడు చెప్తే ఏం లాభం అన్నా, దాన్ని నేను అనరానివన్నీ అనేసినా" అంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సీటున్నా నిలబడే వచ్చాను.

ఆదివారం వస్తాను. ఆ పిల్ల ఎదుట నిలబడి తప్పయిందని చెబుతాను. చిన్నదాని దగ్గర తల వంచడం ఎలాగో నాకు తెలియదు, అక్కడికి వచ్చాక తెలుసుకుంటాను.

కానీ అక్కా, నీ ఉత్తరం మూడోసారి కూడా తీసి చూశాను. నాకు చెప్పావు, బాగుంది. భార్గవికి చెప్పినట్టు అందులో ఎక్కడా లేదు. ఆమెకు తెలుసు కదా అని ఊరుకున్నావా? ఆమెకు తెలుసని నీకు తెలుసు. నీకు తెలుసని ఆమెకూ తెలుసు. ఇద్దరూ ఒకే ఇంట్లో టీలు తాగుతున్నారు. నేను వచ్చేదాకా ఆగి, నా ముందు చెబుదామని మాత్రం అనుకోకు. అప్పుడు అది నా కోసం చెప్పినట్టవుతుంది.

ఈ ఉత్తరం నీకు శనివారం చేరుతుంది. శనివారం భార్గవికి సెలవు.

నీ తమ్ముడు,
చెన్నకేశవులు